ఆవుల పేర్లున్న చెట్లు

కెన్యాలో కప్సబెట్ వెళ్లే దారిలో, ఆసుపత్రి పక్కనున్న నిటారు వాలు మీద గడ్డి నిలబెట్టడం తోటల రూపకర్త జెబివోట్ మొదటి గెలుపు. అంతకుముందు ఇద్దరు వేసిన పచ్చిక వానలకు కొట్టుకొచ్చి రోడ్డెక్కింది. ఆమె వేసింది ఈనాటికీ అక్కడే ఉంది. ఆ తర్వాత పరుగుపందాల మైదానం చుట్టూ నీడ, టీ ఫ్యాక్టరీ ముంగిట తోట, మా ఎల్డోరెట్ బజారు కూడలి. ఇన్ని చేసినవాళ్లు ఇంకొకరుంటే చూపించండి.

అంతటి మనిషికి కిటాలేలో టీచర్ల కాలేజీ తోట ఇచ్చినప్పుడు ఒక షరతు పెట్టారు. భవనం, పైపులు, తోట ఎవరికి వారు కాగితాల మీద గీయకూడదు. అందరూ కలిసి కంప్యూటర్‌లో ఒకే నమూనా కట్టాలి.

"అందరిదీ అయినదాంట్లో ఎవడైనా చెయ్యి పెట్టొచ్చుగా?" అంది జెబివోట్ మొదటి రోజే.

"అదేమన్నా ఉగాలి ముద్దల పళ్లెమా అక్కా, చెయ్యి పెట్టడానికి!" అని నవ్వింది ఆమెతో కలిసి ఆఫీసు నడిపే చెలిమో.

కాలేజీ స్థలంలో పాత ఆలివ్ చెట్ల వరుస ఉంది. జెబివోట్ ఆ పని ఒప్పుకున్నదే వాటి కోసం. నమూనాలో ముందు వాటినే నిలబెట్టింది. కొన్నాళ్లకు చూస్తే, మురుగు పైపు సరిగ్గా వాటి వేళ్ల మీదుగా గీసి ఉంది. తవ్వకం వచ్చే వారమే.

"చూశావా! ఇది టువెయి పనే. నా చెట్లు తీసేస్తే పైపు నేరుగా లాగొచ్చని."

"తీసేస్తే మనకీ కనిపించవు కదక్కా?"

"మనకు చూపిస్తూ వాళ్ల దగ్గర మాయం చేశారేమో. నీకేం తెలుసు!"

టువెయి పైపుల ఇంజనీరు. జెబివోట్ నేరుగా అతని ఆఫీసుకు వెళ్లింది. ఇచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

"పాలే కలిపాం పెద్దమ్మా, ఇంకేం కలపలేదు," అన్నాడతను. "మీ చెట్లంటారా, నాదాకా ఒక్కటీ రాలేదు." తెర ఇటు తిప్పాడు. బోడి నేల.

"పెట్టాను. నా కళ్లతో చూశాను."

"నంబర్లు ఇచ్చారా? నంబరు గడి ఖాళీగా ఉన్నదాన్ని ఈ నమూనా అవతలివాళ్లకు పంపదు."

ఆ గడి ఖాళీగా వదిలింది ఆమే. కలెంజిన్ తెగ ఇళ్లలో పిల్లల్నీ ఆవుల్నీ లెక్కపెట్టరు. పెడితే తగ్గిపోతాయని భయం. ఆమె తల్లి నారుమొక్కల్ని కూడా లెక్కపెట్టనిచ్చేది కాదు. బతికున్న చెట్టుకు ఒకటి, రెండు అని అంకె వేయడానికి జెబివోట్‌కు చెయ్యి రాలేదు.

టువెయీ ఆ ఇళ్లలో పెరిగినవాడే. "మా అమ్మా అంతే," అన్నాడు. "ఆవులెన్నని అడిగితే తిడుతుంది. మరి సాయంత్రం ఒకటి ఇంటికి రాకపోతే ఎలా తెలుస్తుందో!"

"ఎందుకు తెలీదు? పేర్లున్నాయిగా!" అని తెర వైపు వంగింది. "ఆ గడిలో పేరు రాస్తే ఊరుకుంటుందా?"

"ఖాళీ లేకపోతే చాలు దానికి."

అక్కడే కూర్చుని తల్లి మందలోని పేర్లన్నీ రాసింది. బూడిదమ్మ, చుక్కల ఆవు, వంకరకొమ్ము... ఒక్కో పేరుకు ఒక్కో ఆలివ్ టువెయి తెర మీద లేచింది. వేళ్లను తాకుతున్నచోటల్లా పైపు ఎర్రబడింది. అతను దాన్ని రోడ్డు వైపు జరిపాడు.

"ఇకనైనా నమ్ముతారా?"

"తెర మీద జరిపావు. నేల మీద జరగాలిగా!"

ఈ చుట్టుపక్కల తోటపనిని ఇలా నమూనాలో కట్టింది ఆమె ఒక్కతే. ఆ మాట ఎవరన్నా ఆమె సంతోషించదు. సోమవారం కిటాలే వెళ్లి, తవ్వేవాళ్ల పక్కనే కుర్చీ వేసుకుంది. గోతి పూడ్చేదాకా కదలనంది. పూడ్చడం అయ్యాక, నవంబరు ఇరవై ఒకటిన ఎల్డోరెట్ తిరిగి వస్తుంది.