నేను చదవని నవలలో చిన్న కోడలు

ఆ రోజుల్లో మా యూనివర్సిటీ హాస్టల్లో ఎవరి చదువైనా వాళ్ల గదిలో ఉన్న పుస్తకాల బరువును బట్టే అంచనా వేసేవారు. ఆ లెక్కన నేను మహా పండితుణ్ణి. ఆదివారాలు కోఠీ ఫుట్‌పాత్ అంతా గాలించి, రష్యన్, ఫ్రెంచి మహా నవలల తెలుగు అనువాదాలు అట్టపెట్టె నిండా పోగేశాను, తీరిక దొరికినప్పుడు చదువుదామని. (తీరిక బాగానే దొరికింది. అది వేరే సంగతి.) వాటిలో ఒక రష్యన్ నవల మరీ లావు. రాత్రి ప్యాంటు మడతపెట్టి దాని కింద పెడితే తెల్లారేసరికి ఇస్త్రీ చేసినట్టు గీత పడేది. సాహిత్యం జీవితానికి పనికిరాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోకపోవడానికి అదే కారణం.

ఎమ్మే అయిపోయింది, హాస్టల్ ఖాళీ చేయమన్నారు. తార్నాకలో చిన్న ఉద్యోగమైతే దొరికింది గానీ గది దొరకలేదు. బ్యాచిలర్ అనగానే తలుపులు వేసేసేవారు. చివరికి సామాను ఆటోలో పెట్టుకునే, గోల్నాక నుంచి వచ్చిన నా స్నేహితుడు పుస్తకాల పెట్టె భుజాన మోస్తుండగా, ఓ ఇంటి గేటు తట్టాం. కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన పెద్దాయన బయటికొచ్చారు. "బ్యాచిలర్లకు ఇచ్చేది లేదప్పా" అంటూనే పెట్టెలో చెయ్యి పెట్టి ఆ లావు పుస్తకాన్ని తడిమి చూశారు. కళ్లకు శుక్లాలు, దగ్గరగా పెట్టుకుంటే పేరు మాత్రం ఆనింది.

"పడుచుతనంలో మొదలుపెడితి దీన్ని. రెండు పేజీలు గూడా కాలే, ఎవడో అడుక్కపోయి మళ్ల ఇయ్యలే. నువ్వు సదివినావా నాయనా?"

నేను నోరు తెరిచేలోగా మావాడు అందుకున్నాడు. "ఒక్కసారి కాదు సార్, రెండుసార్లు సదివిండు! నిద్రల గూడ గవే పేర్లు కలవరిస్తడు."

గది ఖాయమైంది. షరతు ఒక్కటే: ప్రతి ఆదివారం సాయంత్రం కిందికి దిగి ఆయనకు ఆ కథ చెప్పాలి.

చదివి చెబుదామనే కూర్చున్నాను. మూడో పేజీకే ఊరంత జనం వచ్చిపడ్డారు, ఒక్కొక్కరికి మూడేసి పేర్లు. నిద్ర లేచేసరికి ఆదివారం సాయంత్రమైంది. "ఏం చెప్పాల్రా?" అని మావాడికి ఫోన్ చేస్తే, "ఏంది భాయ్ పరేషాన్! మా ఇంట్ల పంచాయితీ చెప్పు, మంచు నువ్వు కలుపుకో" అన్నాడు. వాళ్లది ఉమ్మడి కుటుంబం. కూలర్ ఎవరి గదిలో ఉండాలన్న గొడవలో వాళ్ల చిన్న వదిన అప్పుడే బౌద్ధనగర్‌లోని పుట్టింటికి వెళ్లిపోయింది. గోల్నాక కూలర్ రష్యా చేరేసరికి కుంపటి అయింది. జమీందారు గారి చిన్న కోడలు కుంపటి కోసం అలిగి మంచులో పుట్టింటికి వెళ్లిపోయింది. పెద్దాయన కళ్లు మూసుకుని వినేవారు. వంటింట్లోంచి వాళ్లావిడ, ఆంటీ, వినేవారు. చివర్లో నాకు బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు.

అంతా బాగానే జరుగుతుండగా పెద్దాయనకు కంటి ఆపరేషన్ అయింది, విజయవంతంగా. (నేను తప్ప అందరూ సంతోషించారు.) చూపు కుదురుకోగానే ఆయన అడిగింది ఆ పుస్తకాన్నే. పట్టుకెళ్లారు. ఆదివారాలు ఆగిపోయాయి. నేను మళ్లీ టు-లెట్ బోర్డుల వైపు చూస్తూ నడవడం మొదలుపెట్టాను. చాలా రోజులకు కిందికి పిలుపు వచ్చింది.

"అంతా సదివితి నాయనా. గొప్పగుండాది. కానీ యాడా నీ చిన్న కోడలు లేదే?"

నా సామాను ఆటో ఎక్కడం కళ్లకు కట్టింది. "అనువాదంలో తీసేసి ఉంటారండీ" అన్నాను.

కొత్త కళ్లతో ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఇంతలో వంటింట్లోంచి ఆంటీ గొంతు: "పుస్తకంలో ఉంటే ఏమి, లేకుంటే ఏమి! ఆ పిల్ల పుట్టింటినుంచి వచ్చెనా లేదా, అది చెప్పు అబ్బోడా. ఉగ్గాణి సల్లారిపోతాంది."

పెద్దాయన పుస్తకం మూసి పక్కన పెట్టి, కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "చెప్పు నాయనా. నాకూ అదే యోచన."

అదృష్టం, మా గోల్నాక వార్తాహరుడు ముందురోజే కబురు పంపాడు: "వదిన వచ్చింది భాయ్, సొంత కూలర్ తెచ్చుకున్నది!" అలా ఆ సాయంత్రం రష్యాలో చిన్న కోడలు మంచు మీద బండిలో సొంత కుంపటి పెట్టుకుని తిరిగొచ్చింది. ఆంటీ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. పెళ్లయ్యేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆదివారాలు మళ్లీ ఆగలేదు.

ఇప్పుడు మౌలాలిలో మా ఇంట్లో ఆ పుస్తకాలన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి. వచ్చినవాళ్లు "ఇవన్నీ చదివేశారా!" అంటారు, నేను వినయంగా నవ్వుతాను. లావు పుస్తకానికి పెద్దాయన పాత క్యాలెండర్ కాగితంతో వేసిచ్చిన అట్ట ఇంకా అలాగే ఉంది. అప్పుడప్పుడు తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టేస్తాను. చదవడానికి ఇప్పుడు బద్ధకం కాదు. చదివితే, చిన్న కోడలు అందులో లేదని నాకూ తెలిసిపోతుంది.