రెండో చరణం

బెవర్లీ ఆక్‌రాయిడ్ మా ఊరి బడి వంటశాలలో ముప్ఫై ఏళ్లు బంగాళదుంపలు ఉడికించింది. అంతకుముందు ఎనిమిదేళ్లు మా 'టిన్ బాత్' పంక్ పాటల బృందానికి గొంతు ఆమెదే. డ్రమ్ములు నావి. యార్క్‌షైర్ బొగ్గు ఊళ్లలో మేం ఎక్కని పబ్బు వేదిక లేదు, తిట్టని మంత్రి లేడు. మా తిట్లకు ఒక్క మంత్రికీ జలుబు కూడా చెయ్యలేదనుకోండి.

గని సమ్మె ఏడాది పోలీసు వ్యాన్లు వీధుల్ని కమ్మేస్తే బెవ్ ఒక పాట రాసింది. పల్లవి "మా వీధి మాది, కదలం, కదలం!" మొదటి చరణం పోలీసుల మీద. రెండోది, బ్రాడ్‌ఫర్డ్ నుంచి పాకిస్తానీ ఆడవాళ్లు మా సమ్మె వంటింటికి మోసుకొచ్చిన పప్పు గిన్నెల మీద. ఆ చలికాలం అది తినే బతికాం.

రికార్డు చేసేటప్పుడు అడ్డం పడింది నేనే.

"రెండు నిమిషాలు దాటితే అది పంక్ కాదే తల్లీ, పురాణం. ఆ పప్పు సంగతి తీసెయ్."

"అసలు పాటే అది కదరా క్లిఫ్!"

"పల్లవి చాలు. తాగినోడికి కూడా నోట పట్టాలి."

పట్టింది. రెండో చరణం మాత్రం రికార్డుకెక్కలేదు. సమ్మె ఓడింది, గనులు మూతపడ్డాయి, బృందం చెదిరిపోయింది. పల్లవి మాత్రం ఫుట్‌బాల్ మైదానాల్లో బతికింది.

మొన్న ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం, శరణార్థుల్ని ఉంచిన బైపాస్ హోటల్ ముందు మూడొందల మంది చేరి, రాళ్లు పట్టుకుని అదే పల్లవి అందుకున్నారు. బెవ్ వచ్చి నా తలుపు బాదింది.

"నా పాటతో వాళ్లని తరుముతున్నార్రా! పోయి రెండో చరణం పాడతా. వింటే ఆగుతారు."

"వింటారంటావా?"

"సగం మందికి చిన్నప్పుడు తిండి పెట్టినదాన్ని. వినకేం చస్తారు?"

వెనకాలే నేనూ వెళ్లాను. గుంపు ఆమెకు దారిచ్చింది. ఒకడు మైకు కూడా చేతికిచ్చాడు.

"మిస్, మీరా! ఒరేయ్, ఈ పాట మిస్‌దేరా, నోళ్లు ముయ్యండి!"

బెవ్ హోటల్ మెట్లెక్కి పాడింది. పప్పు గిన్నెలు, వాటిని పట్టుకున్న చేతుల గాజులు, మంచులో వాళ్లు నడిచొచ్చిన దారి, అన్నీ పాడింది. అందరూ నిజంగానే విన్నారు. ఒక్క రాయీ లేవలేదు. నాకు సిగ్గు లేకుండా ఆశ పుట్టింది.

చరణం ముగిసింది. చరణం తర్వాత వచ్చేది పల్లవే కదా. మూడొందల గొంతులూ ఒక్కసారిగా అందుకున్నాయి.

"అది కాదురా! నేను చెప్పేది అది కాదు!" అని బెవ్ అరిచింది. ఎవరికీ వినపడలేదు. ఇద్దరు ఆమెను ముద్దుగా భుజాల మీదికి ఎత్తుకున్నారు. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది.

పైఅంతస్తు కిటికీలో ఒకావిడ బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. బెవ్ ఆమెకేసి రెండు చేతులూ ఊపింది, కాదు కాదని. ఆ కిటికీలోంచి చూసేవాళ్లకు గుంపు చేత పాడిస్తున్నది బెవే. ఆవిడ బిడ్డ మొహం కొంగులో దాచి, పరదా లాగేసింది.