కరెంటు పండే ఊర్లో సముద్రం ఎండిన కథ

నవ్వాలనుకునేవాళ్ళు ముందే నవ్వేసుకోండి. చివరికొచ్చేసరికి మీకు నవ్వు వస్తుందని నేను పూచీ పడలేను. వానలే సరిగా పడని పావగడ తాలూకాలో, రాయచెర్లులో, మా ఇంటి నడవలోకి నేను సముద్రాన్ని తెచ్చాను. తెచ్చి, ఒక్క మధ్యాహ్నంలో చంపేశాను. సముద్రాన్ని ఈదినవాళ్ళున్నారు, దాటినవాళ్ళున్నారు. ఉడకబెట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

సోలార్ పార్కు వచ్చాక మా చేను లీజుకు పోయింది. వేరుశనగ పండిన చోట నీలం పలకలు మొలిచాయి, చుట్టూ కంచె పడింది. ఇంక కూర్చుని తినొచ్చు అన్నారు అందరూ. కూర్చోవడం నాకు చప్పున వచ్చేసింది. మా నాయనకు ఎంతకీ రాలేదు. నడక వచ్చింది మొదలు జీవాల వెనక నడిచిన మనిషి. మేత కరువై మంద అంతా పోగా మూడు గొర్రెలు మిగిలాయి. నల్లది, బొల్లిది, కుంటిది. పలకలు కడిగిన నీళ్ళకు కంచె లోపల గడ్డి పచ్చగా మొలిచేది. మా నాయన వాటిని అక్కడికే తోలుకుపోయేవాడు. అవి కంచె కింద మూతులు దూర్చేవి. పార్కులో గార్డుగా చేరిన మా పెదనాయన కొడుకు నరసింహులు విజిల్ ఊదేవాడు. "నా చేన్లో గడ్డికి నీ విజిలేందిరా?" అని మా నాయన కర్ర ఎత్తేవాడు. రోజూ ఇదే జగడం. జీవాలు లేకపోతే ఆయనకు పొద్దు పోదు, ఉంటే మాకు పరువు పోతుంది.

అప్పుడు నా ఫోనులో ఒక వీడియో దొరికింది. చేటంత గాజుపెట్టెలో సముద్రం, రంగు రంగుల పగడాలు, అటూ ఇటూ తిరిగే చేపలు. పని చాలా తక్కువ, వారానికి పది నిమిషాలు చాలు అన్నాడు వీడియో ఆయన. నాకు జ్ఞానోదయం అయింది. మా ఇంట్లో జ్ఞానం ఎప్పుడు ఉదయించినా ఏదో ఒకటి అస్తమిస్తుంది, అది వేరే సంగతి.

"నాయనా, ఆ మూడూ అమ్మేద్దాం. మేపే పనే లేని జీవాలు తెచ్చిస్తా నీకు."

"మేపే పని లేకుంటే వాటికి నాతో ఏం పని?"

"చూస్తా కూచోవచ్చు."

"ఎంతసేపు?"

ఈ ప్రశ్న దగ్గర బుద్ధున్నవాడెవడైనా ఆగిపోయేవాడు. నేను ఆగలేదు. కాళ్ళావేళ్ళా పడి, అలిగి, అన్నం మానేసి ఒప్పించాను. వెంకటమ్మనహళ్ళిలో పెద్ద మందున్న గంగప్ప వచ్చి మూడింటినీ కొని తోలుకుపోయాడు. బొల్లిది మలుపు దాకా వెనక్కి తిరిగి అరుస్తూనే ఉంది. మా నాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

గొర్రెల డబ్బుతో బెంగళూరు పోయాను. రంగు చేపల అంగడి ఆయన పాపం మంచివాడు, తెలుగు కూడా వచ్చు. పెట్టె, రాళ్ళు, ఉప్పు సంచి, పంపు అన్నీ చూపించి అడిగాడు.

"పవర్ బ్యాకప్ ఉందా మీ ఇంట్లో? పంపు ఆగితే చేపలకు ఊపిరాడదు. ఎండాకాలం అయితే చిన్న పెట్టె తొందరగా వేడెక్కుతుంది."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"సార్, మీ అంగట్లో ఎలిగే లైట్లు మా చేన్లో పండిన కరెంటు. మాకు కరెంటు పోయేదేంది?"

"అయినా ఒక బ్యాటరీ పంపు పెట్టుకోండి."

"తాతకు దగ్గులు నేర్పొద్దు సార్."

ఆయనకు నా మొహంలో ఏం కనబడిందో ఏమో, ఒక దండం పెట్టాడు.

సముద్రానికి మంచి నీళ్ళు కావాలి. మా బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతాయి, మోకాళ్ళు వంగవు. అందుకే ఊర్లో ఫిల్టరు నీళ్ళ మిషను పెట్టారు. బిందెల వరసలో నిలబడి క్యాన్లు మోసుకొచ్చి, నడవలో కూర్చుని వాటిలో ఉప్పు కలుపుతుంటే మా అమ్మ చూసింది.

"రేయ్, ఏం చేస్తాండావురా?"

"సముద్రం చేస్తాండాను మా."

"ఉప్పు నీళ్ళు తాగలేక సస్తాంటే, ఉప్పు తీసేదానికి మిషను పెట్టిరి. దాని ముందర గంటసేపు నిలబడి తెచ్చిన నీళ్ళల్లో మళ్ళా ఉప్పు పోస్తావా? నిన్ను కన్నందుకు నాకు ఏ శిక్షైనా తక్కువే."

అంతకన్నా సూటిగా నన్ను తిట్టినవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు.

నీళ్ళు, రాళ్ళు కుదురుకునే దాకా చేపలు వేయకూడదు. వారాల తరబడి పెట్టెలో రాయి, నీళ్ళు, ఒక లైటు. మా నాయన రోజూ వచ్చి చూసి పోయేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు.

"రాయిని చూసేదానికి నిడుగల్లు కొండ ఉండాది గదరా. ఇంట్లో యాలరా?"

చివరికి చేపలొచ్చాయి. నారింజ రంగువి రెండు. వాటితో ఒక ఎండ్రకాయ, ఒక నత్త, రాయికి అతుక్కున్న వేళ్ళలాంటి ఒక పగడం. మా నాయన పగడాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది చెట్టా, రాయా?"

"ప్రాణి నాయనా."

"అట్లయితే ఇదీ మందలోదే."

అంతే. ఆ రోజు నుంచీ మా ఇంట్లో సముద్రం కాదు, మంద ఉంది. పొద్దు గూకితే తలకాయలు లెక్కబెట్టనిదే మా నాయన అన్నం ముట్టడు. గొర్రెల కాపరికి అది దేవుడి దీపం లాంటిది. చేపలు, నత్త, పగడం కనబడేవి. ఎండ్రకాయ మాత్రం రాళ్ళ సందులో దాక్కునేది. అది కనబడే దాకా కంచంలో ముద్ద చల్లారిపోవాల్సిందే. ఓపిక చచ్చి చీపురు పుల్లతో రాళ్ళు కదిలించేవాడు. నీళ్ళు బురదయ్యేవి.

"నాయనా, కెలకొద్దు. పని తక్కువ పెట్టుకోవల్ల అని వీడియోలో చెప్పినారు."

"తప్పిపోయిన దాన్ని యెతకనోడు కాపరి ఎట్లయితాడురా?"

నేను విసుక్కున్నాను గానీ, నిజం చెప్పనా? లోపల పొంగిపోయాను. ఆయన కంచె దగ్గరికి పోవడం మానేశాడు. కర్ర మూలకు చేరింది. నరసింహులు విజిల్‌కు తుప్పు పట్టింది. మా నాయన మళ్ళీ ఒకదాని బాగోగులు చూస్తున్నాడు, అది నావల్లే అని ఊరంతా చెప్పుకు తిరిగాను.

ఇంతలో ఎండాకాలం ముదిరింది. ఒక మధ్యాహ్నం, కాకులు కూడా నోళ్ళు తెరుచుకున్న వేళ, కరెంటు పోయింది. వస్తుందిలే అనుకున్నాను. కరెంటు మన ఊరిది కదా, ఎక్కడికి పోతుంది? గంట గడిచింది. పంపు ఆగే ఉంది. చేపలు నీటి పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి. గాజు మీద చెయ్యి పెడితే కాఫీ లోటాలా ఉంది.

"ఏమన్నా చెయ్రా," అన్నాడు నాయన.

పరిగెత్తాను. ఎక్కడికో ఊహించగలరా? పార్కు గేటుకు.

"అన్నా, కరెంటు కావల్ల!"

"ఎవురికప్పా?" అన్నాడు నరసింహులు.

"చేపలకు."

ఆయన నన్ను కిందా మీదా చూసి టోపీ తీశాడు. "ఎండ దెబ్బ తగిలినట్టుండాది నీకు. నీడకు రా."

"ఆడ చూడన్నా, ఆ వరసలు మా చేన్లోవే గదా. పంపు నా బొటనేలంత ఉండాది. ఒక వైరు ఇయ్యి, చాలు."

"దాన్ని తగుల్కుంటే చేపలు గాదు, నువ్వు వేగుతావు. ఆ కరెంటు తీగలెక్కి యాడికి పోతాదో నాకే తెలీదు. మనకొచ్చేది ఊరి లైను. నా గది చూడు."

చూశాను. గదిలో ఫ్యాను ఆగిపోయి ఉంది. ఆయన అట్టముక్కతో విసురుకుంటున్నాడు. బయట కనుచూపు మేర పలకలు ఎండను తాగి తళతళలాడుతున్నాయి. దీపం కింద చీకటి అంటారు. మావి కోసుల కొద్దీ దీపాలు, చీకటీ అంతే మరి. మా చేను, మా ఎండ. ఒక చేపకు ఊపిరి పోసే కరెంటు మాకు లేదు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళయ్యాయి.

దారిలో సోడా అంగట్లో సగం కరిగిన ఐసుగడ్డ దొరికితే గోనెలో చుట్టుకుని ఇంటికొచ్చాను. అక్కడ చూస్తే మా నాయన పెట్టె చుట్టూ తడి గోతం కప్పి, మా అమ్మ మజ్జిగ కవ్వంతో మెల్లమెల్లగా సముద్రాన్ని చిలుకుతున్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. ఒక చేప పక్కకు ఒరిగిపోయింది గానీ రెండోది ఇంకా ఆడుతోంది.

"ఒగటి నిలబడిందిరా," అన్నాడు. గొర్రె ఈనినప్పుడు ఆయన కళ్ళు అట్లా మెరిసేవి.

"జరుగు నాయనా, ఐసు తెచ్చినా."

"వేసేదేనా?"

"వీడియోలో చూసినా."

వీడియోలో నేను చూసింది ఒక్క ముక్క, అదీ సంచిలో కట్టి పెట్టింది.

"అట్లయితే సరే. సదువుకున్నోడివి, నీకు తెల్సు," అని కవ్వం తీసుకుని పక్కకు జరిగాడు.

గడ్డంతా దబ్బున వేశాను. ఆ చలి దెబ్బకు చేప ఒక్కసారి ఎగిరిపడింది, అంతే. సరిగ్గా అప్పుడు కరెంటొచ్చింది. పంపు గురగురమని పనిచేసింది, లైటు వెలిగింది. తేలుతున్న చేపలు ఆ అలల్లో గుండ్రంగా తిరిగాయి.

ఎండ్రకాయ కనబడలేదు. మా నాయన పుల్ల తీసుకోలేదు. ఆ రోజు లెక్కబెట్టలేదు. అన్నమూ తినలేదు.

తెల్లారి కర్ర తీసుకుని వెంకటమ్మనహళ్ళికి నడిచి పోయాడు. గంగప్ప మందకు కాపరిగా చేరాడు, కూలికి. ఆ మందలో నల్లది, బొల్లిది, కుంటిది ఉన్నాయి. తన గొర్రెలను తానే కూలికి మేపుతున్నాడు. ఆదివారాలు ఇంటికొస్తాడు. నన్ను తిట్టడు, అదే నాకు పెద్ద తిట్టు. ఒకసారి మాత్రం మూలనున్న సముద్రపు ఉప్పు సంచిని చూపించి అడిగాడు. "అది నీకు పనికొస్తాదా? గొర్రెలు నాకుతాయి." ఎత్తుకుపోయాడు. నా సముద్రం చివరికి చేరాల్సిన నాలికలకే చేరింది.

కాబట్టి పావగడ ఎండ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో సముద్రాన్ని మా గడప దాటనివ్వను. తుఫానై వచ్చి తలుపు తట్టినా, పవర్ బ్యాకప్ ఉందా అని అడిగి, లేదంటే వీధిలోనే నిలబెడతాను. పని తక్కువ అని ఎవరు ఏది చూపించినా కళ్ళు మూసుకుంటాను. ముఖ్యంగా, మా నాయన చేతిలోంచి పని తీసేయను. ఈ ఒట్టు ఆయన ముందర వేద్దామనే పోయిన ఆదివారం ఇంట్లో కాచుకుని కూర్చున్నాను. ఆయన రాలేదు. బొల్లిది ఈనిందని కబురంపాడు.

రెండు పిల్లలంట. రెండూ గంగప్పవే.