జ్యేష్ఠను చంద్రుడు మింగిన సాయంత్రం

రాసుకో అమ్మాయ్. మధ్యలో నవ్వావంటే అక్షరాలు వంకర పోతాయి, ఆ తర్వాత అవ్వ సరిగా చెప్పలేదంటావు.

నేను పుట్టింది జ్యేష్ఠా నక్షత్రంలో. ఆ నక్షత్రపు పిల్ల కోడలుగా వస్తే మొగుడి అన్నకు ప్రాణగండమని మా ఉదయగిరి చుట్టుపక్కల తెలియని వాళ్లు లేరు. మొగుడికేమీ కాదు, అత్తామామలకేమీ కాదు, గురి చూసి కొట్టినట్టు బావగారికే. అంచేత నన్ను ఏదో ఒక ఇంటి పెద్దకొడుకుకే ఇవ్వాలి. వయసొచ్చిన పెద్దకొడుకుల్ని మంచి నక్షత్రాల పిల్లలు ముందే పట్టుకుపోయారు. మిగిలినవాళ్లలో ఒకాయనకు పళ్లు లేవు, ఇంకొకాయనకు అప్పటికే ఇద్దరు పెళ్లాలు.

అలాంటప్పుడు ఆత్మకూరు సంబంధం వచ్చింది. అదే, మీ తాత. చెవులు కొంచెం పెద్దవి, మాట నెమ్మది. నాకు నచ్చాడు. నచ్చాడా అని నన్ను అడిగిన వాళ్లెవరూ లేరనుకో. తండ్రి లేడు, బట్టల అంగడి నడిపే అన్నే ఇంటికి పెద్ద. ఆ అన్న నా జాతకం చూసి, పిల్ల బంగారంలా ఉందని చెప్పి, తన గుండె మీద తానే చెయ్యి వేసుకుని వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పట్నం నుంచి ఒక కాలేజీ పంతులు వచ్చి, దుర్గం కొండ దిగువన మా ఇళ్లకు పైనున్న చదునైన రాతి బండ మీద పెద్ద దుర్భిణి నిలబెట్టాడు. ఎద్దులబండి కుదుపులకు దాని కొయ్యకాలు విరిగింది. మా నాయన కొయ్య గరిటెలు చెక్కే మనిషి కదా, కొత్త కాలు చేసిచ్చాడు. అప్పుడు బయటపడింది ఆయన వచ్చిన పని. జ్యేష్ఠ అనేది నా జాతకంలోనే కాకుండా ఆకాశంలో కూడా ఉందట. ఎర్రటి చుక్క. రాబోయే ఒక సాయంత్రం చంద్రుడు దానికి అడ్డంగా నడుస్తాడట. చంద్రుడి అంచు కప్పేటప్పుడు చుక్క వెలుగు ఎంత సేపట్లో ఆరిపోతుందో కొలిస్తే, చుక్క వెడల్పు ఎంతో లెక్క కట్టవచ్చట. అందుకోసం దుర్భిణికి ఒక పెట్టె తగిలించాడు. వెలుగు పడితే అందులో ముల్లు లేస్తుంది, పోతే పడిపోతుంది. రెప్పపాటు పని. ఆ రెప్పపాటు కోసం అంతంత చదువులు చదివి బండిలో నడుము విరగ్గొట్టుకుని వచ్చాడు మహానుభావుడు.

మా నాయన ఇంటికొచ్చి ఈ వింత చెప్పాడు. మా అవ్వ, అంటే మా నాయనకు అమ్మ, అంతా విని ఒకటే తేల్చింది. చంద్రుడు జ్యేష్ఠను మింగేస్తే ఇక దోషం ఎక్కడిది? ఆత్మకూరు పెద్దాయన, అదే ఆ అన్న, కళ్లారా చూస్తే సరి. చుక్క మళ్లీ అవతలి వైపు నుంచి బయటికొస్తుందని పంతులు చెప్పాడే అని నాయన నసిగాడు. అవ్వ దానికీ దారి చూపింది. మింగగానే భోజనానికి లేపాలి, భోజనం కాగానే బండెక్కించాలి.

నాయన కబురు పెడితే ఆ సాయంత్రం పెద్దాయన వచ్చాడు. చీకటి పడింది, సగానికి పైగా నిండిన చంద్రుడు దక్షిణంగా ఉన్నాడు, పక్కనే ఎర్రచుక్క. నేను మజ్జిగ చెంబు పట్టుకుని రాతి మీద ఒక పక్కగా కూర్చున్నాను. పంతులు దీపాలన్నీ ఆర్పించాడు. పెద్దాయన చుక్కను చూశాడు, నన్ను చూశాడు, మా ఇద్దరికీ పోలికలు వెతుకుతున్నట్టుగా.

చుక్క చంద్రుడి అంచుకు చేరింది. అందరం ఊపిరి బిగబట్టాం. అవ్వ మాత్రం భక్తి ఆపుకోలేకపోయింది. మనవరాలి పాలిట శనిని మింగుతున్న దేవుడికి హారతి ఇవ్వకపోతే ఎలా అనుకుందో ఏమో, దుర్భిణి ముందుకొచ్చి పళ్లెంలో ఇంత కర్పూరం వెలిగించింది. పడిపోవాల్సిన ముల్లు చివరిదాకా లేచి కొట్టుకుంది. చుక్క ఎప్పుడు పోయిందో దేవుడికే తెలియాలి.

పంతులు కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. రెండు చేతులతో తల పట్టుకుని, ఇక మిగిలింది చుక్క బయటికొచ్చే గడియ ఒక్కటే, అది కాస్తా అయ్యేదాకా ఒక్కరు కదలకూడదు, ఒక్క దీపం వెలగకూడదు అని కూర్చోబెట్టేశాడు. అవ్వ భోజనం మాట ఎత్తబోయింది.

"బయటికొచ్చేదా? యాడికొచ్చేది?" అన్నాడు పెద్దాయన.

"అవతలి అంచుకు. చంద్రుడు తప్పుకుంటే మళ్లీ కనిపిస్తుంది," అన్నాడు పంతులు.

"అంటే గండం పోలా, దాక్కోనుండాది."

 నేను చెంబు రాతి మీద పెట్టేశాను. మీ తాత చెవులు ఇక నా కంట పడవని అర్థమైంది. పళ్లు లేని పెద్దకొడుకే కళ్ల ముందు మెదిలాడు.

చాలాసేపటికి చంద్రుడి అవతలి అంచున ఎర్రచుక్క మళ్లీ తేలింది. పంతులు పని చూసుకున్నాక, పాపం ఓపిగ్గా కూర్చున్నాడని పెద్దాయనకు కూడా దుర్భిణిలో చూపించాడు. చూస్తున్న మనిషికి ఊరికే ఉండకుండా ఒక మాట చెప్పాడు. మీరు చూస్తున్న ఈ వెలుగు ఇప్పటిది కాదు, అక్కడ బయలుదేరి కొన్ని వందల ఏళ్లయింది, ఈ కొండ మీది కోటలో రాజులు ఉన్నప్పటిదేమో అని.

పెద్దాయన తల ఎత్తాడు.

"అయితే సార్, ఈ పిల్ల పుట్టిన రోజు కనిపించింది గూడా పాత వెలుగేనా?"

"పాతదే."

"ఇప్పుడు బయల్దేరేది ఈడికి ఎప్పుడొస్తాది?"

"మనమెవ్వరం ఉండం."

పెద్దాయన కొంతసేపు వేళ్లు ముడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత మా నాయన వైపు తిరిగి, బేరం తెగిన అంగడిమనిషిలా చెప్పాడు.

"రాజుల కాలంలో బయల్దేరినది నా మీదికి ఎట్టొస్తాదిబ్బా? నేనప్పుడు యాడున్నా? దాని గురి మా ముత్తాతకు ముత్తాత మీద. ఆయన ఎప్పుడో పొయ్యినాడు. తాంబూలాలు తెప్పీ."

పంతులుకు ఇది నచ్చలేదు. తాను చెప్పింది దూరం సంగతేనని, చుక్కలకు గురీ ఉండదు, గండమూ ఉండదని విడమరిచి చెప్పడానికి ముందుకొచ్చాడు. మా అవ్వ మధ్యలో అడ్డుపడి ఆయన చేతిలో అరిసె పెట్టింది.

"ముందు తిను నాయనా. శాస్త్రం యాడికీ పోదు."