వెనకగది చప్పుడు

అసున్సియోన్ జనానికి ఆదివారం ఇంట్లో కాలు నిలవదు. పొద్దున్నే పిల్లల్నీ, మంచుగడ్డలు నింపిన తెరెరే ఆకునీళ్ళ ఫ్లాస్కునీ, ముసలి అత్తగారినీ బస్సెక్కించుకుని వచ్చి, పిరాయు దాటాక మా ఊళ్ళో దిగుతారు. ఒకప్పటి కలవారు ఒవేలార్ల పాతింటిని చూస్తారు, దాని వెనకున్న వాగులో మునుగుతారు, సాయంత్రానికి ఎండకు కమిలిన ముఖాలతో రాజధానికి వెళ్ళిపోతారు. వాళ్ళు దిగే చోటే నేను నెత్తిమీద చిపా రొట్టెల బుట్ట పెట్టుకుని నిలబడతాను. రొట్టెలు వేడిగా ఉన్నంతసేపూ నాకు వాళ్ళంటే ఇష్టమే. చల్లారాక కూడా బేరమాడబోతే మాత్రం నా నోటికి జడిసి పోతారు.

ఆ పాతింటి తాళాలు న్యా సెఫెరీనా దగ్గర ఉంటాయి; న్యా అంటే మా దగ్గర అమ్మగారు అన్నట్టే. ఇంటిని చూసుకోవడం, ఊడ్వడం, వచ్చినవాళ్ళకు కథ చెప్పడం ఆమె పని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె కూతురి జ్ఞానస్నానం నాడు బిడ్డను చేతుల్లో పట్టుకున్న దాన్ని నేనే. అప్పటినుంచి ఒకరినొకరం కొమాద్రే అని పిలుచుకుంటాం. మా దగ్గర ఆ పిలుపు అక్కాచెల్లెళ్ళ పిలుపుకేమీ తక్కువ కాదు. ఆ చనువుతోనే ఈ సంగతి చెబుతున్నాను. చెప్పకుండా కడుపులో పెట్టుకునే ఓపిక నాకింక లేదు.

సెఫెరీనాకు అబద్ధం చెప్పడం వంట చేసినంత తేలిక. ఎవరికీ హాని చేయని అబద్ధాలే అనుకోండి. ముందుగదిలోని మంచం చూపించి, మా తాతముత్తాతల నాటి పెద్ద యుద్ధంలో గాయపడ్డ అధికారి దీనిమీదే ప్రాణం వదిలాడని చెబుతుంది. అసున్సియోన్ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఆ మంచం పిరాయులో మా మేనత్తది, ఆమె దానిమీద ఐదుగురిని కన్నది. ఒకసారి నేను పక్కకు పిలిచి అడిగితే, “కన్న మంచమని చెబితే ఎవరు చూస్తారే? చచ్చిన మంచమైతేనే చూస్తారు” అంది. నిజమే మరి.

ఆమె భర్త ఎలీజియో తాగడు, చెయ్యెత్తడు, గట్టిగా మాట్లాడడు. తవ్వుతాడు. పెద్ద యుద్ధంలో శత్రువులు వస్తుంటే మా పూర్వులు ఉన్న బంగారమంతా పాతిపెట్టి పారిపోయారు. దాని కోసం ఒక్క గొయ్యీ తవ్వని మగాడు పరాగ్వేలో ఉంటే చూపించండి, వాడికి నా బుట్టంతా ఉచితం. అయితే అది అందరికీ దొరకదు. ఎవరికి దక్కాలో వాళ్ళకే నేలమీద తెల్లటి మంట కనిపిస్తుంది. పైగా దానికి కాపలాగా ఒక సిపాయిని చంపి పక్కనే పూడ్చారంటారు. తవ్వేవాడు దగ్గరికొచ్చేకొద్దీ ఆ కాపలావాడు ఎన్నో వేషాలు వేస్తాడు, అయినవాళ్ళ నోటితోనే మాట్లాడి వెనక్కి పంపాలని చూస్తాడు. ఇదంతా మాకు తల్లిపాలతోనే వచ్చిన చదువు.

పెళ్ళయిన కొత్తలో ఎలీజియో బ్యూనస్ ఎయిర్స్‌లో తాపీపనికి వెళ్ళడానికి సంచి సర్దుకున్నాడు. ఆ సాయంత్రమే బస్సు. సెఫెరీనాకు అప్పటికి కడుపు. ఆమె గుమ్మంలో నిలబడి, రాత్రి ఒవేలార్ల వెనకగది గోడ పక్కన తెల్లటి మంట కనిపించిందని చెప్పింది. అతను సంచి కింద పెట్టేశాడు. ఆ నెలలోనే ఇద్దరూ ఆ ఇంటి కాపలా పనికి కుదిరారు. వంటపాకలో పొయ్యి పక్కన గొయ్యి మొదలుపెట్టి, వెనకగది వైపు సొరంగం తీయడం మొదలుపెట్టాడు.

ఆ మంట వెనక అసలు సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. మేమిద్దరం వసారాలో కూర్చుని తెరెరే తాగుతుంటే, ఏమీ అడగకుండానే ఆమె చెప్పింది.

“మంటా లేదు, పొగా లేదు కొమాద్రే. ఆయన సంచి చూశాను, నా కడుపు చూసుకున్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.”

“ఓసి నీ దుంపతెగ! పోనివ్వాల్సిందే. నెల నెలా డబ్బన్నా పంపేవాడు.”

“పంపేవాడు. మొదట్లో. తర్వాత అక్కడ ఇంకోదాన్ని చూసుకునేవాడు. మీ ఆయన చేసిందేమిటట?”

నేను గొట్టంలోంచి చివరి గుక్క లాగి గ్లాసు ఆమె చేతికిచ్చాను. మా ఆయన చేసింది అదే.

అన్నేళ్ళ తవ్వకంలో ఎలీజియోకు దొరికినవి తుపాకీ గుళ్ళు, ఒక గుర్రపు రికాబు, కుండపెంకులు, ఎవరిదో దవడ ఎముక. ఏది దొరికినా సెఫెరీనా కడిగి అద్దాల బీరువాలో పెట్టేది. ఒకసారి బొగ్గు దొరికింది. పక్కన తవ్వేవాడికి దురాశ ఉంటే బంగారం బొగ్గైపోతుందని మా నమ్మకం. అతను తోడున్న స్నేహితుడిని అప్పుడే తరిమేసి, ఆ తర్వాత ఒంటరిగానే తవ్వాడు. తీసిన ఎర్రమట్టి పెరట్లో గుట్ట అయ్యింది. ఆమె దానిమీద కర్రపెండలం నాటింది. ఆదివారాల్లో వచ్చిన పిల్లలు ఆ గుట్టమీంచి జారుతుంటే తల్లిదండ్రులు ఫొటోలు తీసుకుంటారు. అంత మట్టి ఎక్కడినుంచి వచ్చిందని ఒక్కరు కూడా అడగలేదు.

మొదట వెనకగది తలుపు బిగిసింది. కొన్నాళ్ళకు అసలు మూసుకోవడమే మానేసింది. తర్వాత గోడకు బీట పడింది, నా వేలు పట్టేంత. వానలు వెళ్ళాక చూస్తే చెయ్యి పట్టింది. ఊడ్చేముందు దుమ్ము లేవకుండా ఆమె రోజూ నేలమీద నీళ్ళు చల్లుతుంది. ముందుగది ఇటుకలు చాలాసేపు తడిగా ఉంటాయి. వెనకగదిలో చల్లిన నీళ్ళు ఇటుకల సందుల్లోంచి అలాగే కిందికి పోతాయి. నా కళ్ళముందే ఒక బకెట్టు కుమ్మరించి చూపించింది. చిన్న మడుగైనా నిలవలేదు. ఒక్కో అడుగూ చూసి వేస్తూ గది బయటికి వచ్చేశాను.

భోజనాలయ్యాక ఊరంతా కునుకు తీసే వేళ అతను తవ్వుతాడు. వచ్చినవాళ్ళు అప్పుడు వాగులో ఉంటారు కదా అని. ఒక ఆదివారం మాత్రం ఒక చిన్నపిల్ల ఎండకు తాళలేక వెనకగది ఇటుకలమీద బోర్లా పడుకుంది. ఉన్నట్టుండి లేచి, “అమ్మా, కింద ఎవరో తలుపు కొడుతున్నారు” అంది. తల్లి ముఖం పాలిపోయింది. సెఫెరీనా అక్కడే ఉంది. ఆమె నోరు ఊరుకుంటుందా? “భయపడకండి తల్లీ, యుద్ధంలో చనిపోయిన సిపాయి. పైకి రానివ్వమని అడుగుతాడు పాపం” అంది.

ఆ మాట అసున్సియోన్ చేరడానికి వారం పట్టలేదు. మళ్ళీ ఆదివారం బస్సు నిండిపోయింది. ఆ తర్వాత జనం వాగు మానేసి, మధ్యాహ్నం వేళకు వెనకగదిలో గుమిగూడడం మొదలుపెట్టారు. తాతలు, బాలింతలు, చంకలో పిల్లలు, ఒకరి భుజం ఒకరికి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటారు. కింద దెబ్బ పడగానే ఒక్కసారిగా అరిచి ఎగురుతారు. ఆ ఎగిరేది ఏ నేలమీదో తెలిసినది మా ఇద్దరికే. నా రొట్టెలు ఎప్పటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయాయి. ఆ డబ్బు లెక్కపెట్టబుద్ధి కాలేదు.

ఆమె చేయగలిగింది చేయలేదని అనకండి. పాత కట్టడాలు చూసే అధికారి ఒకాయనకు కబురు పెట్టింది. ఆయన వచ్చి బీటలో చెయ్యి పెట్టి చూశాడు. వంటపాకలోకి వెళ్ళి గొయ్యిలోకి తొంగి చూశాడు. తర్వాత ఆమెను పక్కకు తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, “ఎంత లోతుకు వెళ్ళారు? నాకు ఎంత వాటా ఇస్తారు?” అని అడిగాడు.

దాంతో ఆమెకు మిగిలింది ఒక్కటే దారి. బుధవారం మధ్యాహ్నం నన్ను తోడు రమ్మంది. వంటపాకలో గొయ్యి అంచున ఇద్దరం కూర్చున్నాం. ఆమె పిలిస్తే ఎలీజియో సొరంగంలోంచి పాకుతూ వచ్చాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి, కళ్ళు మాత్రం తెల్లగా.

“ఎలీజియో, ఆ మంట నేను చూడలేదు” అంది.

అతను గొయ్యి అంచుకు మోచేతులు ఆనించాడు.

“నువ్వు వెళ్ళిపోతావని చెప్పాను. అబద్ధం. కింద ఏమీ లేదు. బిడ్డ మీద ఒట్టు.”

అతను ముఖం తుడుచుకుని నవ్వాడు. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

“అయితే దగ్గరికొచ్చేశామన్నమాట” అన్నాడు.

“ఏంటి దగ్గరికొచ్చేది! నేనే చెబుతున్నాను, నేను, సెఫెరీనాని!”

“నువ్వు కాదు పిచ్చిదానా. వాడు. ఆ కాపలావాడు నీ నోరు అరువు తెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళూ నోరు మెదపనివాడు ఇప్పుడు మాట్లాడాడంటే ఎందుకంటావు? భయపడకు, నీకేం కాదు.” మట్టిచేత్తో ఆమె తల నిమిరి మళ్ళీ లోపలికి పాకాడు.

ఆమె గొయ్యిలోకి అరిచింది, తిట్టింది, ఏడ్చింది. ఎంత ఏడిస్తే కింద గునపం అంత వేగంగా పడింది. నాకు అతనిమీద ఎంత కోపమొచ్చిందంటే, ఆ గొయ్యిలో మరుగునీళ్ళు పొయ్యాలనిపించింది. ఆ రోజునుంచి అతను వేళాపాళా లేకుండా తవ్వాడు, తిండికి కూడా పైకి రావడం తగ్గించాడు.

ఆదివారం వచ్చింది. పొద్దున్నుంచే ఉత్తరపు గాలి, మా దగ్గర మనుషులకు తిక్క పుట్టించే వేడిగాలి. కుక్కలు కూడా వసారా వదిలి వాగు ఒడ్డుకు పోయి పడుకున్నాయి. బస్సు నడిపే ఫెర్మీన్ దిగుతూనే కేకేశాడు.

“న్యా సెఫెరీనా! ఇవాళ రెండు బస్సులు తెచ్చాను. మీ సిపాయిని గట్టిగా కొట్టమనండి, లేకపోతే నా పరువు పోతుంది!”

ఆమె వసారా మెట్టుమీద చేతులు చాపి నిలబడింది.

“వెనకగదిలోకి ఎవరూ వెళ్ళొద్దు. కింద సిపాయీ లేడు, దెయ్యమూ లేదు. నా మొగుడు గొయ్యి తవ్వుతున్నాడు. నేలంతా బోలుగా ఉంది. అందరూ పడిపోతారు.”

 జనమంతా పగలబడి నవ్వారు. ఒక లావుపాటి ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, “ఎంత బాగా చెబుతుందో చూడండి! మా ఆయనకు గోడకు మేకు కొట్టడం కూడా రాదు, ఈవిడ మొగుడు సొరంగమే తవ్వుతున్నాడట!” అంది. వాళ్ళ వెనకవాళ్ళు ముందుకు తోశారు. నేను బుట్ట కింద పడేసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. “రొట్టెలమ్మ కూడా నాటకంలో ఉందిరోయ్” అన్నాడెవరో. నా చేతుల కిందినుంచి అప్పటికే ఇద్దరు పిల్లలు లోపలికి దూరారు.

అప్పుడు సెఫెరీనా ముఖం మారింది. వేలు పెదవులమీద పెట్టుకుని, కథ చెప్పే గొంతుతో అంది:

“ష్! మీరిలా తోసుకుంటే సిపాయి కొట్టడు. ఆయనకు గుంపు పడదు. గదిలో ఒక్కళ్ళే ఉండాలి, మిగతావాళ్ళు కిటికీ దగ్గర నిలబడి వినాలి.”

ఆ మాటకు మాత్రం అందరూ వెంటనే లోబడ్డారు. లోపలికి వెళ్ళిన పిల్లలు కూడా మునివేళ్ళమీద బయటికొచ్చి కిటికీ దగ్గర చేరారు. ఆమె ఒక కుర్చీ లాక్కుని వెళ్ళి గది నడిమధ్యన వేసుకుని కూర్చుంది. కుర్చీ కాళ్ళ కింద ఇటుకలు కదిలిన చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది. నేను ఒక అడుగు లోపలికి వేస్తే, చేత్తోనే ఆగమంది.

కింద గునపం పడుతూనే ఉంది. కిటికీ బయట ఎవరూ కదల్లేదు. ఆమె వంగి, నేలతో మాట్లాడినట్టు మెల్లగా అంది:

“ఎలీజియో. పైన నేనున్నాను. నా కుర్చీ కిందే తవ్వుతున్నావు. ఇంకో దెబ్బ వేస్తే నేను నీ నెత్తిన పడతాను. మొన్న మాట్లాడింది నేనే. నన్ను నమ్మితే ఆపు.”

చప్పుడు ఆగింది.

 గాలికి పైకప్పు పెంకులు కదిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె తలెత్తి నా వైపు చూసి నవ్వింది. ఆ సంచి కింద పెట్టించిన రోజు కూడా అలాగే నవ్వి ఉంటుంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత మనిషి, అతను తన మాట వినడం కోసం ఇన్నేళ్ళు కాచుకుంది కదా అనుకున్నాను.

అప్పుడు కింద గునపం పడింది. కాస్త ఆగి ఇంకోటి. తర్వాత ఆగకుండా, ఇందాకటికన్నా వేగంగా. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. కిటికీ దగ్గర జనం కేరింతలు కొట్టారు, ఎవరో తండ్రి బిడ్డను భుజాలమీదికి ఎత్తుకున్నాడు, పిల్లలు చప్పట్లు చరిచారు.

“లే కొమాద్రే! లేచి రా!” అని అరిచాను.

ఆమె నవ్వు పోయింది. రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది.

“నేను లేస్తే వీళ్ళంతా లోపలికొస్తారు” అంది.