ఈల వేస్తేనే పాలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వానలు వరుసగా ఎగ్గొట్టాయి. నల్లమాడ పక్క ఊళ్లో ఎద్దుల్ని అమ్మేసి, మా నాయనా అమ్మా అనంతపురంలోని నా అద్దె ఇంట్లో దిగారు. నాకూ వాళ్ల అవసరం ఉంది. ఒళ్లో చంటివాడు, అవతల కాలేజీలో పాఠాలు. వానల్లాగే నా పాలు కూడా ముందే నిలిచిపోయాయి కాబట్టి వాడికి సీసాయే గతి.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయన సీసా వాడి నోటికి పెట్టి, సన్నగా, ఆగకుండా ఈల వేస్తున్నాడు. తొట్టి దగ్గర ఎద్దులు నీళ్లు తాగేటప్పుడు మా వైపు రైతులు వేసే ఈల.

"వాడేమన్నా కోడెదూడా నాయనా?"

"కోడె నయం. ఇంత సతాయించదు" అన్నాడు. ఈల ఆగగానే వాడు సీసా వదిలేశాడు. "చూస్తివా, తాగేవాణ్ని నిలిపేస్తివి."

తల్లీబిడ్డల బంధం గురించి చాలా చదివాను. కన్నది నేను, కుట్లు పడింది నాకు. ఈ చంటి దొరగారు మాత్రం ఎద్దుల్లేని రైతును ఎంచుకున్నారు.

అంతలో వాన పడింది. బాడుగ ఎద్దులతో వేరుశనగ విత్తుకుందామని నాయన పొద్దున్నే ఊరికి బస్సెక్కాడు. ఇక వాడు సీసా ముట్టలేదు. మధ్యాహ్నానికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నాకు భయం పట్టుకుంది. ఈల వేద్దామంటే నా నోట్లోంచి గాలీ ఉమ్మీ తప్ప ఏమీ రాలేదు.

"ఆడమనిషి ఈలేస్తే పక్కింటోళ్లు ఏమనుకుంటారే" అంది అమ్మ.

"నీకు చేతనైతే నువ్వెయ్యి. లేకుంటే గమ్మున కూచో."

మిగిలిన కోపం వాడి మీదికి తిరిగింది. "ఏమప్పా, నిన్ను మోసింది మీ తాతనా? పొద్దున్నుంచీ ఎత్తుకోని చెయ్యి పడిపోతాండాది, నీకేమన్నా సిగ్గుండాదా?" కాలేజీలో ప్రిన్సిపాల్‌తో వాదించినట్టే వాదించాను. వాడు ఏడుపు ఆపి నా నోటినే చూశాడు. సీసా పెట్టాను. తాగాడు. నేను ఊపిరికి ఆగితే వాడూ ఆగాడు. మళ్లీ అందుకున్నాను. వాణ్ని తిట్టడం అయిపోయాక వేరే ఊళ్లో ఉద్యోగం చేసే వాళ్ల నాయన్ని తిట్టాను, కరెంటోళ్లను తిట్టాను. సీసా ఖాళీ అయింది. నా జాకెట్టు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయాడు.

"ఇంగ పండబెట్టు, చెయ్యి పడిపోతాండాది అంటివే" అంది అమ్మ.

"నీ పని నువ్వు చూసుకోమ్మా" అన్నాను. దించలేదు.