మూతతో సహా ఒక స్టీలు డబ్బా

ఈ ఉదయం నా బల్ల మీదకు ఒక కాగితం వచ్చింది. దాని మూలన కొట్టిన ‘అందినది’ అన్న ముద్ర ఇంకా తడిగా ఉంది. ఆ ఊదారంగు సిరాకు ఒక వాసన ఉంటుంది, కాస్త మందులాగా, కాస్త ముదిరిన పాకంలాగా. అది ముక్కుకు తగలగానే కాగితంలో ఏముందో చదవబుద్ధి కాలేదు. హౌరా వైపున్న మా ఆఫీసు కిటికీలోంచి ఫెర్రీ కూత వినిపిస్తున్నా, నేను మాత్రం ఖిదిర్‌పూర్‌లో మా క్వార్టర్ల వరండాలో, తవిటయ్య మావ ఎదుట నిలబడి ఉన్నాను. కాగితం సంగతి చివర చెబుతాను. అందులో నాకు కాస్త సిగ్గుపడాల్సిన విషయం ఉంది కనక ముందు మావ గురించి చెప్పి ధైర్యం తెచ్చుకుంటాను.

తవిటయ్య మావ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తాకు రేవు పనికీ, వీధులు ఊడ్చే పనికీ వచ్చినవాళ్ళం అందరం ఏదో ఒక వరస కలుపుకొని బతికేవాళ్ళం. ఆయన రేవులో టాలీ క్లర్కు. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే ఓడ తరఫున ఒకడు, ఒడ్డు తరఫున ఒకడు నిలబడి ఎవరికి వారు లెక్కపెట్టాలి. పని ముగిశాక రెండు లెక్కలూ కలిస్తే ఒకరి కాగితం మీద ఇంకొకరు సంతకం పెట్టాలి. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసిన మనిషి రిటైరయ్యాక చేతులు కట్టుకుని కూర్చుంటాడా? మా క్వార్టర్లలో ఒక పెళ్ళికి చేసిన బూరెలు లెక్కపెట్టి వంటవాణ్ణి సంతకం పెట్టమన్నాడు. వంటవాడు గరిటె కింద పడేసి వెళ్ళిపోతానన్నాడు. అతన్ని బతిమాలి వెనక్కి తెచ్చిన అప్పలమ్మత్త మొగుడి వైపు తిరిగి, “నీకు పెట్టిన ముద్ద ముద్దకీ నాను సంతకం సేయించుకునుంటే ఈపాటికి పది పుస్తకాలు నిండిపోయేవి” అంది. మావ కాసేపు ఆలోచించి, “సేయించుకోవాల్సిందే” అన్నాడు.

నాకు పదేళ్ళప్పుడు కుళాయి దగ్గర జరిగిన గొడవ ఒకటి బాగా గుర్తుంది. నా వంతు రాగానే ఒకావిడ మధ్యలో దూరి, నేనే దూరానని అరిచింది. నేనూ తక్కువ తినలేదు. బెంగాలీలో మొదలుపెట్టి హిందీ మీదుగా తెలుగులోకి వచ్చేదాకా అరిచాను. నీళ్ళు ఆగిపోయాయి. ఖాళీ బిందెతో ఏడుస్తూ వస్తుంటే వరండాలోంచి మావ పిలిచాడు.

“నువ్వు అరుత్తున్నంతసేపూ ఆవిడ ఏటి సేసిందో సూసేవా?”

“నన్ను తిట్టింది.”

“కాదే అమ్మీ. బిందె నింపీసుకుంది. రేవులోనూ ఇంతే. ఓ బస్తా దాటించీయాలంటే ముందు మనతో తగువెట్టుకుంటారు. అరిసినోడు లెక్క మరిసిపోతాడు.”

అప్పట్లో ఆ మాట నాకు సగమే ఎక్కింది. మిగతా సగం ఎక్కడానికి ఇంకో పన్నెండేళ్ళు, బటబ్యాల్ బాబు అనే మంచి మనిషీ కావలసి వచ్చారు.

బటబ్యాల్ బాబుది రేవు దగ్గర చిన్న ఆఫీసు. ఓడల్లో వచ్చే సరుకుకు కస్టమ్స్ కాగితాలు నడిపించడం వాళ్ళ వ్యాపారం. వచ్చిన ప్రతి ఉత్తరానికీ నంబరు వేసి, ముద్ర కొట్టి, బాబు చెప్పిన జవాబు టైపు చేయడం నా ఉద్యోగం. ఆయన కుర్చీ వెనక ఫ్రేము కట్టిన బోర్డొకటి ఉండేది: ‘ఏ ఉత్తరానికైనా ఏడు రోజుల్లో జవాబు’. సరుకుల పార్టీలు వచ్చినప్పుడు ఆ బోర్డు కనిపించేలా కుర్చీ కాస్త పక్కకు జరుపుకొనేవారు. ఒక ఏడు వానాకాలంలో రెండో గుమస్తా మానేస్తే అతని పని కూడా నా నెత్తిన పడింది. బాబు ఒకరోజు టీ తాగుతూ, నిజంగానే కరిగిపోయి, “రెండు కుర్చీల పని ఒక్కదానివే చేస్తున్నావు. దుర్గా పూజో కాగానే నీ జీతం పెంచుతాను. హోబే, హోబే” అన్నారు. అవుతుంది, అవుతుంది అని.

ఆ మాట ఇంట్లో చెప్పడం నేను చేసిన తప్పు. అమ్మ అప్పటికి పదహారేళ్ళుగా తెల్లవారకముందే లేచి రోజు కూలీ మీద వీధులు ఊడుస్తోంది. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లు దిగేటప్పుడు గోడకు క్షమాపణ చెబుతున్నట్టు వంగి దిగేది. జీతం పెరిగితే తను మానేయవచ్చు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మర్నాడే తన వీధీ చీపురూ పక్కింటి కోడలికి అప్పగించి, మేస్త్రీకి దణ్ణం పెట్టి వచ్చేసింది. తర్వాత ఇరవై పాకుండలు చేసి, మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి, “మీ బాబుకి ఇచ్చీ” అని పంపింది. బాబు ఒకటి కొరికి, పన్ను తడుముకుని, చాలా బాగున్నాయన్నారు. ఎందుకని అడిగితే చెప్పాను. “ఓహో” అని ఇంకోటి తీసుకున్నారు.

దుర్గా పూజో వెళ్ళింది. లక్ష్మీ పూజ కానీ అన్నారు. కాళీ పూజ కానీ అన్నారు. జగద్ధాత్రి కూడా నిమజ్జనమైంది. కలకత్తాలో పూజలకేం కొదవ? చివరికి నేనే తెగించి అడిగితే, “పెంచుతానన్నానా? ఆలోచిద్దామన్నాను” అని ఫైల్లో తలదూర్చారు.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ చీపురుండే మూల వైపు చూసి, “అయితే ఎల్లి సీపురు తిరిగిచ్చీమని అడగాల్నేటి? ఆ పిల్ల దానికి కొత్త కర్ర కూడా ఏయించీసుకుంది” అంది. నవ్వబోయి ఏడ్చేసింది. ఆ క్షణంలో బటబ్యాల్ బాబును బోర్డుతో సహా గంగలో తోసేయాలనిపించింది. రేపు ఆఫీసు దద్దరిల్లేలా కడిగేస్తానని అరుస్తుంటే తవిటయ్య మావ గుమ్మంలోకి వచ్చాడు.

“కడిగీ. కడిగీసి ఇంటికొచ్చీ. ఆడికి అదే కావాల. పొగరుబోతు పిల్ల, మానీసిందని సెప్పుకుంటాడు.”

“మరేం చెయ్యమంటావు మావా? ఆయన అన్నాడు, నేను విన్నాను. కాగితమా పాడా?”

“ఇప్పుడెట్టు కాగితం. ఏ రోజన్నాడు, ఏ గదిలో అన్నాడు, ఏటన్నాడు, నువ్వేటి పని సేత్తన్నావు. అంతే. తిట్టద్దు, ఏడవద్దు. నాను తప్పుగా ఇనుంటే సెలవియ్యండని రాయి. తప్పుకోడానికో దారి, నిలబడ్డానికో దారి ఇయ్యాల మనిసికి. దాంతోపాటు ఇంకో రెండాఫీసులకి అర్జీ ఎట్టు. రెండో రేవు సూసుకోకండా లంగరు ఎత్తకూడదు.”

ఇంతలో లోపల్నుంచి అమ్మ, “డబ్బా కూడా ఇవ్వలేదు అన్నియ్యా, రెండు నెల్లయింది” అంది.

మావ కళ్ళు మెరిశాయి. “డబ్బా ఆడి కాడే ఉందా? మూతతోనా?”

మా ఊళ్ళ వైపూ బెంగాలీల్లోనూ ఒకటే మర్యాద. పిండివంట వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు. ఏం పెట్టి పంపాలో తేలక ఆ డబ్బా బాబుగారి బీరువాలోనే ఉండిపోయింది. మావ ఉత్తరం చివర ఒక వాక్యం చేర్పించాడు: ‘పై సందర్భమున ఇరవై పాకుండలతో పంపిన స్టీలు డబ్బా ఒకటి, మూతతో సహా, తిరిగి ఇప్పించగలరు’. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తీసేద్దామని బతిమాలాను. “మాట గాల్లో పోద్ది. డబ్బా ఎక్కడికి పోద్దే?” అన్నాడు.

మర్నాడు రెండు ప్రతులు పట్టుకెళ్ళాను. ఆ ఆఫీసులో ఉత్తరాలు అందుకునేది నేనే కనక నా ఉత్తరం నేనే అందుకున్నాను. నంబరు వేశాను, ముద్ర కొట్టాను, రెండో ప్రతి నాకు నేనే తిరిగి ఇచ్చుకున్నాను. జవాబు రావలసిన ఉత్తరాల జాబితా రోజూ బాబు ముందు పెట్టడం నా పనే. రెండో రోజు నుంచి ఆ జాబితాలో నేనున్నాను. ఆయన చదివి అడుగున దోపేవారు, నేను మర్నాడు పైకి తెచ్చేదాన్ని. నాలుగో రోజున, “ఆడపిల్లలకు పని నేర్పడమే దండగ, పెళ్ళి కాగానే పోతారు” అన్నారు. అరవబోయాను. కుళాయి గుర్తొచ్చింది. “ఇంకా మూడు రోజులున్నాయి సార్” అని బయటికి వచ్చేశాను. ఆ సాయంత్రమే నేను అర్జీ పెట్టిన ఒక ఆఫీసు నుంచి రమ్మని ఫోనొచ్చింది. మావ చెప్పిన రెండో రేవు కనపడింది.

ఏడో రోజు బాబు పిలిచి, “రాసుకో” అన్నారు. “డియర్ మేడమ్.”

ఆ మేడమ్ నేనే కనక శ్రద్ధగా రాసుకున్నాను.

“మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినటువంటి మాట ఏదీ ఈ ఆఫీసులో…” అక్కడ ఆగారు. నా పెన్సిలూ ఆగింది.

“ఈ ఆఫీసులో… తర్వాత, సార్?” అన్నాను. వెటకారం కాదు, ఉద్యోగం.

కొట్టేయమన్నారు. మళ్ళీ డియర్ మేడమ్. మళ్ళీ అక్కడే ఆగారు. “ముందు డబ్బా సంగతి రాద్దాం, అది తేలిక” అన్నారు. “మీ తల్లిగారు పంపిన స్టీలు డబ్బా…”

“మూతతో సహా, సార్.”

“మూతతో సహా… ఎందుకు పంపారంటే…” అని బీరువా వైపు చూశారు. ఫ్యాను తిరుగుతోంది. నేను కాగితం వైపే చూస్తున్నాను. కొంతసేపటికి ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “నువ్వు నాతో పోట్లాడి ఉంటే ఈపాటికి బయటపడేవాణ్ణి. ఎవరు నేర్పారు నీకిది?”

“మా మావయ్య సార్. రేవులో టాలీ క్లర్కు.”

“టాలీ క్లర్కా!” అన్నారు. జీవితమంతా రేవు మీద బతికిన మనిషి ముఖంలో ఒక పాత భయం కదిలింది. “ముందే చెప్పొచ్చుగా. సరే, రాసుకో. పూజో జరిగిన నెల నుంచి…”

రెండు రోజుల తర్వాత ఉత్తరం, డబ్బా, మూత, డబ్బాలో డజను సందేశ్ మిఠాయిలు ఇంటికి పట్టుకెళ్ళాను. అమ్మ ఉత్తరాన్ని చదవలేకపోయినా రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. మావ మాత్రం సందేశ్‌లు లెక్కపెట్టాడు. “పదకొండే ఉన్నాయి. కాగితంలో డజనని ఉంది.” బస్సులో ఒకటి తిన్నానని ఒప్పుకున్నాను. “తిను, ఎవరొద్దన్నారు? తిన్నానని రాయి” అని కింద ‘ఒకటి తక్కువ’ అని రాయించి సంతకం పెట్టించాడు.

మావ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఆయన లేని లోటు నాకు పండగనాడు కాదు, ఎవరైనా ఏదైనా మాటిచ్చిన రోజున తెలుస్తుంది. ఈ కథను మా ఆఫీసులో భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మంచి కథే, నేను అందులో గెలుస్తాను.

ఇక ఈ ఉదయం కాగితం సంగతి. అది తెచ్చింది మెటియాబ్రుజ్ నుంచి వచ్చే రుఖ్సానా. మా ఆఫీసులో నా చేతికింద పనిచేస్తుంది. ఈద్ వెళ్ళగానే యజమానికి చెప్పి జీతం పెంచిస్తానని నా గదిలో, టీ తాగుతూ, నేనే అన్నాను. చెప్పడం మరిచిపోయాను. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, ఆమె ఎదురుగా నిలబడగానే నా నోట్లోంచి “హోబే, హోబే” అని వచ్చేసింది. ఆమె కాగితం వైపు చూపించింది. చివరి వాక్యం చదివాను: ‘మా అమ్మ సేమియాతో పంపిన డబ్బా ఒకటి, మూతతో సహా’.

ముందు కోపం వచ్చింది, దాచను. నా కథ నా మీదే! తర్వాత లేచి బీరువా తెరిచాను. డబ్బా అక్కడే ఉంది, అడుగున ఒక సేమియా పోగు ఎండిపోయి ఉంది. యజమానికి ఫోను చేశాను. ఆయన చూద్దామన్నారు. ఏ నెల నుంచో రాసి పంపండి సార్ అన్నాను. సాయంత్రానికి రాతపూర్వకంగా వచ్చింది. అప్పుడు రుఖ్సానా రెండో ప్రతి మీద సంతకం పెట్టాను. ఎప్పుడూ ఒడ్డు వైపు నిలబడి లెక్కపెట్టే నేను ఓడ వైపు సంతకం పెట్టడం ఇదే మొదలు.

డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదు కనక అమ్మకు ఫోను చేసి, రేపటికి ఇరవై పాకుండలు కావాలన్నాను. ఎందుకే అంది. చెప్పాను.

“ఒలే, నీ బీరువాలో కూడా డబ్బా ఉండిపోయిందేటే!” అంది అమ్మ.

రేపు ఫెర్రీలో ఒక్కటి కూడా తినను.